నీ ముల్లెక్కడ: ముల్లా, ముల్లెనా? మరి ‘సమాధీ’ ఎక్కడిది?

గోరింటపూత:
ఒక వాక్యం నెల రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. మా అమ్మమ్మ నోట నేను విన్నది ఇలా: “ఓ మరణమా, నీ ముల్లెక్కడ? ఓ సమాధీ, నీ విజయమెక్కడ?” తీరా బైబిల్లో మొదటి కొరింథీ 15:55 తీసి చూస్తే విజయం ముందుంది, ముల్లు వెనకుంది, సమాధి ఊసే లేదు. రెండుసార్లూ “ఓ మరణమా” అనే ఉంది. అమ్మమ్మ కళ్ళజోడు లేకుండా ఆ అధ్యాయమంతా అప్పజెప్పే మనిషి. తప్పు చెప్పిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఆవిడ సమాధి రాతి మీద ఈ మాటే చెక్కించాలని ఇంట్లో అనుకున్నాం, అందుకే అడుగుతున్నా. ‘సమాధీ’ అన్న పాఠం తెలుగులో ఎవరైనా అచ్చులో చూశారా?

ఇంకో సంగతి, నవ్వకండి. పదేళ్ళొచ్చేదాకా నేను దాన్ని ‘ముల్లె’ అనుకున్నాను. మూటాముల్లె. మరణం తన మూట ఎక్కడో పారేసుకుని వెతుక్కుంటోందని.

అరసున్న:
ముల్లె అయ్యే అవకాశం లేదమ్మా. ముల్లు + ఎక్కడ అయితే ఉత్వసంధి జరిగి ‘ముల్లెక్కడ’. ముల్లె + ఎక్కడ అయితే సంధి లేక యడాగమం వచ్చి ‘ముల్లెయెక్కడ’. గ్రాంథికంలో రాసినవాళ్ళు ఈ తేడా పాటించకుండా ఉండరు.

బండిర:
అరసున్న గారూ, యడాగమం రాతలో వస్తుంది, నోట్లో రాదు. చదివేవాడు ఎలా చదివినా వినేవాడి చెవిన పడేది ‘ముల్లెక్కడ’ ఒక్కటే. పదేళ్ళ పిల్ల బాలవ్యాకరణం చదివి ప్రార్థనకు వెళ్ళదు కదా.

పైగా ముల్లె తీసిపారేయాల్సిన మాట కాదు. ముల్లె అంటే దాచుకున్న సొమ్ము కూడా. మరణం ఇన్ని తరాలుగా మూటగట్టి దాచుకున్నది ఎవరిని? మనవాళ్ళనే. ఆ మూట విప్పేశాక “ఏదే నీ ముల్లె?” అని అడిగితే ఎంత బాగుంటుందో చూడండి. ఎఫెసీ 4:8లో “చెరను చెరగా పట్టుకొనిపోయి” అన్నది ఇంచుమించు ఈ బొమ్మే.

అరసున్న:
బాగుండటం వేరు, పాఠం వేరు. మూలంలో మూట లేదు.

నిఘంటువు పురుగు:
మూలం మాట వచ్చింది కాబట్టి. గ్రీకులో అక్కడున్నది ‘కెంత్రోన్’. గుచ్చుకునే మొన అని అసలు అర్థం. తేలు కుట్టేదీ అదే, ఎద్దును పొడిచే కర్ర మొనా అదే. సరదా ఏమిటంటే ఈ ఒక్క మాటను మన తెలుగు బైబిలు మూడు చోట్ల మూడు రకాలుగా తెనిగించింది. కొరింథీలో ముల్లు. అపొస్తలుల కార్యములు 26:14లో “మునికోలలకు ఎదురు తన్నుట నీకు కష్టము”, అది మునికోల. ప్రకటన 9:10లో మిడతలకు “తేళ్లతోకలవంటి తోకలును కొండ్లును”, అది కొండి.

ఇక రెండో కొరింథీ 12:7లో, ఈ కొరింథీ పత్రికలు రాసిన పౌలు “శరీరములో ఒక ముల్లు” అన్నాడు చూశారా, అక్కడ గ్రీకు మాట వేరు, ‘స్కోలొప్స్’. అంటే మూలంలో ఒకటైన మాట తెలుగులో మూడైంది, మూలంలో రెండైన మాటలు తెలుగులో ఒకటయ్యాయి. పౌలు దేహంలో ముల్లూ మరణపు ముల్లూ ఒకటేనని చెప్పే ప్రసంగాలు నేను రెండు విన్నాను. గ్రీకులో సాధ్యం కాని ప్రసంగాలు అవి.

అరసున్న:
అయితే ‘కొండి’ అనే ఉండాల్సింది. ముల్లుకు విషం లేదు. వేమన లెక్క చూడండి: చెప్పులోని రాయి, చెవిలోని జోరీగ, కంటిలోని నలుసు, కాలి ముల్లు. అన్నీ బాధపెట్టేవే, ఏ ఒక్కటీ చంపేది కాదు. మరణం చేతిలో ఉన్నది కాలిముల్లు లాంటిదైతే దాన్ని తీసిపారేయడానికి క్రీస్తు దిగిరావాలా? పన్నుతో లాగేసే పనికి.

బండిర:
వేమనను తెచ్చారు కాబట్టి సుమతి శతకాన్నీ పిలుద్దాం. పాముకు విషం తలలో, తేలుకు తోకలో, ఖలుడికి నిలువెల్లా. మరణం వీటిలో ఏ బాపతు? పౌలు తేలు బాపతు అంటున్నాడు. విషమంతా ఒక్క చోటే ఉంది, అది ఊడగొడితే మిగిలిన జంతువు కదిలినా భయం లేదు. తరవాతి వచనంలోనే చెప్పాడుగా, “మరణపు ముల్లు పాపము” అని. మరణాన్ని నిలువెల్లా విషంగా చూడకపోవడమే ఇక్కడి విశేషం. కాబట్టి కొండికి నా ఓటు కూడా వేస్తాను, కానీ వేమన వల్ల కాదు.

పాత సండేస్కూలు:
తేలు కన్నా తేనెటీగ బాగా కుదురుతుందని మాకు చెప్పేవారు. తేనెటీగ మనిషిని కుట్టిందంటే ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది, ఈగ చస్తుంది. మరణం క్రీస్తును కుట్టి ముల్లు అక్కడే వదిలేసుకుంది, ఇప్పుడు మన చుట్టూ ఝుమ్మంటుంది అంతే. తేనెటీగది ముల్లే అంటాం, కొండి అనం. అనువాదం సరిగ్గానే ఉంది.

ఇక గోరింటపూత గారి అసలు ప్రశ్న. విజయం ముందా, ముల్లు ముందా అన్న తేడా అమ్మమ్మగారి మతిమరుపు కాదు. గ్రీకు ప్రతుల్లోనే రెండు వరసలున్నాయి. పాత ప్రతుల్లో విజయం ముందు, ముల్లు తరవాత, రెండుసార్లూ మరణాన్నే పిలవడం. తరవాతి కాలం ప్రతుల్లో ముల్లు ముందు, రెండో పిలుపు మరణానికి కాదు, ‘హేడీస్’కు, అంటే మృతుల లోకానికి. ఆంగ్లంలో 1611 నాటి రాజుగారి (కింగ్ జేమ్స్) అనువాదం ఈ రెండో వరస తీసుకుని, హేడీస్ దగ్గర సమాధి అన్న అర్థమిచ్చే మాట వేసింది. అమ్మమ్మగారి వాక్యం అచ్చంగా దానికి తెలుగు.

గోరింటపూత:
అమ్మమ్మకు ఇంగ్లీషు రాదండీ. సంతకం కూడా తెలుగే.

పాత సండేస్కూలు:
ఆవిడకు రాకపోవచ్చు. ఆవిడకు నేర్పినవాళ్ళకు వచ్చి ఉండొచ్చు.

నిఘంటువు పురుగు:
ఒక చిక్కు ఉంది. తెలుగువాళ్ళు హేడీస్‌ను నేరుగా తెనిగిస్తే ‘సమాధి’ రాదు. ప్రకటన 1:18లో “మరణముయొక్కయు పాతాళలోకముయొక్కయు తాళపుచెవులు” అన్నారు. ఆ లెక్కన “ఓ పాతాళమా, నీ విజయమెక్కడ” అనాలి. ‘సమాధీ’ అన్నారంటే అది ఆంగ్లం మీదుగానే వచ్చింది. అచ్చులోనా, ప్రసంగంలోనా, పాటలోనా అన్నదే తేలాలి.

బండిర:
సమాధి అన్న మాట మీద నాకో పాత పిచ్చి ఉంది, చెప్పేస్తాను. మన భాషలో సమాధి ముందు యోగిది, తరవాతే శవానిది. సమాధిలో కూర్చున్నవాడు లేస్తాడు. లేవడనే అనుమానం ఎవరికీ ఉండదు, ఎప్పుడన్నదే ప్రశ్న. గొయ్యికి ఆ పేరు పెట్టుకున్న భాషకు పునరుత్థానం కొత్తగా నేర్పాల్సిన పని లేదు. అందుకని అమ్మమ్మగారి పాఠమే నాకిష్టం. “ఓ సమాధీ” అని పిలిచామంటేనే ఆవిడ లేస్తుందని సగం ఒప్పుకున్నట్టు.

అరసున్న:
అందమైన పొరపాటు. యోగి ఏ దేహంతో కూర్చున్నాడో ఆ దేహంతోనే లేస్తాడు. పౌలు చెప్పేది అది కాదు. అదే అధ్యాయంలో విత్తనం పోలిక చూడండి: “నీవు విత్తునది చచ్చితేనేగాని బ్రదికింపబడదు గదా.” క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడాలి. గింజ గింజగా లేవదు, మొలకగా లేస్తుంది. అలాగని ఆ మొలక వేరే గింజది కాదు. ఇక్కడ దేహం వదిలించుకోవాల్సిన బట్ట కాదు, ఆత్మ ఒక్కటే ఎగిరిపోవడమూ కాదు. సమాధినిష్ఠతో కలిపితే ఈ రెండు కొసలూ తెగిపోతాయి.

పనిలో పని. లేచెను, లేపబడెను ఒకటి కావు. 20వ వచనంలో క్రీస్తు “లేపబడియున్నాడు”. గ్రీకులోనూ కర్మణి ప్రయోగమే. తెలుగులో ‘బడు’ ధాతువును ఎంత తిట్టుకున్నా ఇక్కడ దాన్ని పీకేయలేం. చచ్చినవాడు తనంత తాను లేవడు, ఎవరో లేపాలి. యోగికి ఎవరూ అక్కర్లేదు.

బండిర:
యోహాను 10:18 కూడా చూడండి మరి. ప్రాణం పెట్టడానికీ తిరిగి తీసుకోవడానికీ తనకే అధికారం ఉందని ఆయనే అన్నాడు. ‘బడు’ అన్ని చోట్లా అవసరం పడదు.

కాటిసీను అభిమాని:
ఇంత సేపు లేవడం గురించి మాట్లాడుతూ ఒక్కరూ జాషువాను తలవలేదేం? “ఒకడైనన్ లేచిరాడక్కటా” అన్న ఆ పద్యం కన్నా ఈ ప్రశ్నను ఎవడు అడిగాడు తెలుగులో? కాటిసీనులో ఆ రాగం ఎత్తుకోగానే జనం ఊపిరి బిగబట్టేవారు. పౌలు జవాబు రాశాడు, జాషువా ప్రశ్న రాశాడు. ప్రశ్నే గొప్పగా ఉంది.

అరసున్న:
ఆ హరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి వారిది.

కాటిసీను అభిమాని:
నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే, పద్యాలు జాషువావి. నటులు తెచ్చి కలుపుకున్నారు. ‘శ్మశానవాటి’ అని ఖండకావ్యంలో ఉన్నాయి, తీసి చూడండి. ఈ మాట ఈ సమూహంలో నేను చెప్పడం ఇది నాలుగోసారి.

ఇసక తక్కెడ:
నాకు నమ్మకాలేమీ లేవు కాబట్టి నిష్పక్షపాతంగా అంటున్నాను. ‘లేచిరాడు’ అంటే రాడు. నిరాశ. దానికీ మీ కొరింథీకీ పొత్తు కుదరదు. జాషువా పుట్టుకతో క్రైస్తవుడు కావచ్చు, ఆ పద్యం రాసినప్పుడు మాత్రం రాళ్ళ దగ్గర నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

కాటిసీను అభిమాని:
‘అక్కటా’ను మింగేశారే! ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడికి ‘అక్కటా’ దేనికి? వెంటనే వచ్చే పాదం “ఎన్నాళ్ళీ చలనంబు లేని శయనం”. ఎన్నాళ్ళు అని అడిగాడండీ, ఎందుకు అని కాదు. ఎన్నాళ్ళు అన్నవాడి మనసులో ఎక్కడో ఒక చివరి రోజు ఉంది. పైగా శయనం అన్నాడు, మరణం అనలేదు. పౌలు కూడా ఆ అధ్యాయం పొడుగునా “నిద్రించినవారు” అనే అంటాడు. క్రీస్తు చరిత్ర రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పుచ్చుకున్న కవి ‘శయనం’ అన్న మాట ఊరికే వాడడు.

ఇసక తక్కెడ:
ఆ పద్యం రాసింది క్రీస్తు చరిత్ర కన్నా ముందు. వెనకటి పద్యానికి తరవాతి కావ్యం సాక్ష్యం చెప్పదు. శార్దూలంలో శయనం గణానికి సరిపోయింది, వేశాడు.

కాటిసీను అభిమాని:
గణానికి సరిపడే మాటలు జాషువాకు నూరు దొరుకుతాయి. ఆ నూటిలో ఇదెందుకు?

నిఘంటువు పురుగు:
గ్రీకు క్రైస్తవులు శ్మశానానికి పెట్టుకున్న పేరు ‘కొయిమెతేరియొన్’, పడుకునే చోటు అని. ఆంగ్లంలోని సెమెటరీ దాని నుంచే. అభిమాని గారి వాదనకు ఇది బలమా కాదా నేను చెప్పను, ఊరికే పడేస్తున్నాను.

ఇంకోటి కూడా పడేస్తా. ఈ కెంత్రోన్ మన ఇంట్లో ఎప్పటి నుంచో ఉంది. వృత్తం గీసేటప్పుడు గుచ్చి నిలిపే మొన అని గ్రీకులో ఇంకో అర్థం. అది జ్యోతిషం ద్వారా సంస్కృతంలోకి వచ్చి ‘కేంద్ర’ అయింది. మనం రోజూ అనే కేంద్రం అదే. అంటే మూలాన్ని అక్షరాలా పట్టుకుంటే “ఓ మరణమా, నీ కేంద్రమెక్కడ?”

బండిర:
కేంద్ర సాహిత్య అకాడమీలో కూడా ముల్లుందన్నమాట. ఎప్పటి నుంచో అనుమానమే.

నిర్వాహకులు:
నవ్వులు సరే. దారం పేరు ‘సమాధీ’. అటు రండి.

పాత సండేస్కూలు:
వస్తున్నా, కానీ పాత నిబంధనలోని హోషేయ గ్రంథం మీదుగా. పౌలు ఈ మాటను హోషేయ 13:14 నుంచి తీసుకున్నాడు. హెబ్రీలో అక్కడ ముల్లూ లేదు, విజయమూ లేదు. మరణమా నీ తెగుళ్ళెక్కడ, పాతాళమా నీ నాశనమెక్కడ అన్నట్టుంటుంది. దాన్ని గ్రీకులోకి తెచ్చిన పాత అనువాదకులు తెగుళ్ళ చోట ‘దికే’ అన్నారు, అంటే న్యాయం, తీర్పు. నాశనం చోట కెంత్రోన్ అన్నారు. పౌలు ఆ దికేను ‘నీకోస్’ చేశాడు, విజయం. కొన్ని చాలా పాత ప్రతుల్లో అదీ ‘నెయికోస్’ అని ఉంటుంది, అంటే తగవు. ఒక్క అచ్చు తేడా. “మరణమా, నీ తగవెక్కడ?”

నాకు అసలు నిద్ర పట్టనివ్వనిది ముల్లు కాదు, ‘ఎక్కడ’. హోషేయలో ఆ ‘ఎక్కడ’ వెక్కిరింత కాదని చాలామంది పండితులు అంటారు. అది పిలుపు. ఇశ్రాయేలు మీద కోపంతో దేవుడు “ఏవీ నీ తెగుళ్ళు? తీసుకురా” అని మరణాన్ని కేకేస్తున్నాడు. ఆ వెంటనే, జాలి పడనన్న అర్థంలో, “పశ్చాత్తాపము నాకు పుట్టదు” అని ఉంది. అదే ప్రశ్నను పౌలు ఖాళీ సమాధి ఇవతల నిలబడి తిప్పి అడిగాడు. తీసుకురా అన్న ‘ఎక్కడ’ కాస్తా, ఇంక నీ దగ్గర లేదుగా అన్న ‘ఎక్కడ’ అయిపోయింది. అక్షరం మారలేదు, గొంతు మారింది.

అరసున్న:
ఇది బాగుంది. తెలుగులో ఆ రెండు గొంతులకూ రెండు మాటలున్నాయి కూడా. రప్పించేటప్పుడు “ఏవీ?” అంటాం, ఎగతాళికి “ఎక్కడ?” అంటాం.

బండిర:
తిరగేసి చెప్పారు. ఎగతాళికే “ఏదీ?” అంటాం. “ఏదీ నీ ప్రతాపం?” అనరూ? “నీ ముల్లేదీ?” అంటే ఎంత దెప్పుగా ఉంటుంది! ‘ఎక్కడ’ అంటే పాపం నిజంగా వెతికిపెడదామన్నట్టు ఉంది. గోరింటపూత గారికి మూట పారేసుకున్న మరణం కనబడిందంటే ఆ తప్పు ‘ఎక్కడ’దే.

ఇసక తక్కెడ:
ముల్లును ముల్లుతోనే తీయాలి అన్న సామెతను ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు, ఆశ్చర్యం. నమ్మకం లేని నాకే తోచింది.

పాత సండేస్కూలు:
అబ్బ! హెబ్రీ 2:14. మరణం యొక్క బలం గలవాణ్ణి “మరణముద్వారా నశింపజేయుటకును”. మరణాన్ని మరణంతోనే తీశాడు. కొండి అని ఉంటే ఈ సామెత తగలదు. ముల్లు అన్న అనువాదకుడికి ఇది తెలిసే ఆ మాట వేశాడని నేను ఇవాళ్టి నుంచి నమ్ముతాను.

అరసున్న:
అనువాదకుడి మనసులో ఏముందో మనకెలా తెలుస్తుంది? పైగా ముల్లుకు పాత ఔపవిభక్తికం, అంటే విభక్తి చేరేటప్పుడు వచ్చే రూపం, ‘ముంటి’. ముంటిని ముంటితో అనాలి.

నిఘంటువు పురుగు:
ముంటితో సరే గాని, ఇందాక నేను మునికోల అన్నప్పుడు ఎవరూ పట్టుకోలేదు. అది ముల్లు నుంచి వచ్చింది కాదు. ‘ముని’ అంటే కొన. మునివేళ్ళు, మునిపళ్ళు అంటాం కదా, ఆ ముని. ముల్లుతో అయినది ములుకోల. రెండూ ఒకే కర్ర.

బండిర:
పట్టుకున్నాను. మీరే చెప్తారని ఆగాను.

గోరింటపూత:
అందరికీ దండాలు. ముల్లె వదిలేశాను, ఇష్టం లేకపోయినా. సమాధి సంగతి మాత్రం అక్కడే ఉంది. అచ్చులో చూశామని ఒక్కరూ అనలేదు. నిన్న పిన్నితో మాట్లాడాను. అమ్మమ్మ ‘సమాధీ’ అనే అనేదని ఒట్టు పెడుతోంది. తాతయ్యను పాతిపెట్టిన రోజు గొయ్యి అంచున నిలబడి, మట్టి వేయక ముందు, గట్టిగా ఆ మాట అందట. పైకి ఆకాశం వైపు చూసి కాదు, కిందికి ఆ గొయ్యిలోకి చూసి. ఎదురుగా ఉన్నదాన్ని పేరు పెట్టి పిలిచింది అంటుంది పిన్ని, పుస్తకంలో ఏముంటే ఏం అంటుంది.

చెక్కేవారు తొందర పెడుతున్నారు. పుస్తకంలో ఉన్నట్టే “ఓ మరణమా” అని కాగితం మీద రాశాను. ఇంకా పంపలేదు.

పాత సండేస్కూలు:
అయితే అది పాఠాంతరం కాదమ్మా, ఆవిడ ప్రయోగం. పౌలు హోషేయను మార్చుకోలేదూ?

అరసున్న:
ప్రయోగం ఎంత గొప్పదైనా వచనం సంఖ్య వేసి చెక్కిస్తే పాఠమే ఉండాలి. సంఖ్య తీసేస్తే మీ ఇష్టం.

బండిర:
సంఖ్య తీసేయండి. ‘సమాధీ’ ఉంచండి. దీర్ఘం మరవకండి, సంబోధన అది. హ్రస్వం చెక్కారంటే పిలుపు పోయి ఉత్త పేరు మిగులుతుంది.

నిఘంటువు పురుగు:
చివర ప్రశ్నార్థకం వేస్తున్నారా?

గోరింటపూత:
వేశాను. తీసేయాలా?

అరసున్న:
పాత తెలుగులో ఆ గుర్తే లేదు. ‘ఎక్కడ’లోనే ప్రశ్న ఉంది.

కాటిసీను అభిమాని:
ప్రశ్న ఉందా? ఇందాక సండేస్కూలు వారు అది ప్రశ్న కాదు, వెక్కిరింత అన్నారే!